రెజ్లింగ్ గేముల్లో సొంత మల్లుడు: వేషం ఎక్కడ నిలబడుతుంది?

తిరుపతిలో మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే వారం రోజులూ వీధిలో ఎదురయ్యే మనిషి ఎవరో చెప్పడం కష్టం. ఒళ్లంతా తెల్లటి నామకొమ్ము పూసుకుని వచ్చే పిల్లవాడు పక్కింటివాడే కావచ్చు, దగ్గరికొచ్చి పలకరిస్తే గానీ తెలియదు. కానీ అది బైరాగి వేషమని మాత్రం వీధి మొదట్లోంచే తెలిసిపోతుంది. మర్నాడు కుంకుమ పూసుకుంటే బండ వేషం. ఆ మర్నాడు బొగ్గు పూసుకుని వేపమండలు కట్టుకుంటే తోటి వేషం. ముఖం పోలికలన్నీ రంగు కింద దాగిపోయాయి, అయినా గుర్తుపట్టడంలో ఎవరూ తడబడరు.

రెజ్లింగ్ వీడియో గేముల్లో సొంత పాత్రను తయారుచేసే విభాగం గురించి మాట్లాడాలంటే ఇక్కడ మొదలుపెట్టడమే సబబు. ఆ విభాగంలోకి కొత్తగా దిగినవాళ్లు దాదాపు అందరూ చేసే పని ఒకటుంది. గంటల తరబడి ముక్కు, దవడ, కనుబొమ్మల మీదే కూర్చుంటారు. ముఖం బాగా కుదిరిందనుకుని మ్యాచ్ మొదలుపెడితే, రింగులో తిరుగుతున్నది తాము అనుకున్న మనిషిలా ఉండదు. ఎందుకంటే కెమెరా చాలాసేపు దూరంగానే ఉంటుంది. ఆ దూరం నుంచి కనిపించేది ఒంటి ఆకారం, రంగులు, నడక, నిలబడే తీరు, పట్టు పట్టే తీరు. ముఖం కనిపించేది రింగులోకి నడిచొచ్చే ఆ కొద్ది క్షణాల్లోనూ, గెలిచాక చేతులెత్తినప్పుడూ.

ప్రొఫెషనల్ రెజ్లింగే అలాంటిది. గెలుపోటములు ముందే నిర్ణయించుకుని ఆడే ఈ ఆటలో మల్లుడి అసలు సంపాదన అతని పాత్ర, వాళ్ల భాషలో గిమ్మిక్. 1997లో ముసుగుతో, ఎరుపు నలుపు దుస్తులతో కేన్ అనే మల్లుడు అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) అడుగుపెట్టాడు. ఆ ముసుగు వెనక ఉన్న గ్లెన్ జేకబ్స్ అంతకు ముందు అదే కంపెనీలో పళ్ల డాక్టర్ వేషంలో వచ్చినప్పుడు పెద్దగా ఎవరికీ పట్టలేదు. ఒడ్డూ పొడుగూ అవే, బలమూ అదే. మారింది వేషం, నడక, మౌనం. మల్లులు ఒకరి తర్వాత ఒకరుగా రింగులోకి దిగే రాయల్ రంబుల్‌లో 1998లో మిక్ ఫోలీ ఒకే మ్యాచ్‌లోకి మూడు పేర్లతో, మూడు వేషాలతో మూడుసార్లు దిగాడు. కాక్టస్ జాక్, మ్యాన్‌కైండ్, డ్యూడ్ లవ్. ప్రేక్షకులు ముగ్గుర్నీ ముగ్గురుగానే చూశారు. కాబట్టి రెజ్లింగ్ గేములో పాత్ర తయారుచేయడం అనేది ఆటకు తగిలించిన తోక కాదు. రెజ్లింగ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన పనిని ఆడేవాడి చేతికి ఇవ్వడమే అది.

ఈ సౌకర్యం పాతదే. జపాన్‌లో పుట్టిన ఫైర్ ప్రో రెజ్లింగ్ సిరీస్‌లో సొంత మల్లుణ్ని తయారుచేసే ఎడిట్ మోడ్ 1990ల నుంచే ఉంది. 1998లో వచ్చిన వార్ జోన్ గేముతో పశ్చిమ దేశాల ఆటగాళ్లకు అలవాటైంది. నింటెండో 64 మీద 2000లో వచ్చిన నో మెర్సీ గేమును ఇప్పటికీ వదలనివాళ్లున్నారు. ప్లేస్టేషన్‌లో యూక్స్ అనే జపాన్ సంస్థ చేసిన స్మాక్‌డౌన్ సిరీస్ ఏడాదికేడాది కొత్త కొత్త పరికరాలు ఇస్తూ వచ్చింది. ప్లేస్టేషన్ 2ను గంటల లెక్కన అద్దెకిచ్చే గేమ్ సెంటర్లలో మన పిల్లలకు పరిచయమైంది ఎక్కువగా ఈ సిరీసే. అక్కడ గంటకు డబ్బు కట్టినవాడు పాత్ర తయారుచేస్తూ కూర్చోలేడు. మెమరీ కార్డు సొంతంగా ఉంటే తప్ప చేసింది మిగలదు కూడా. ఈ పని మీద తీరిగ్గా కూర్చోవడం మన దగ్గర చాలామందికి ఇళ్లలోకి కంప్యూటర్లు, ఫోన్లు వచ్చాకే వీలైంది.

ముఖం సంగతి ముందు తేల్చేద్దాం. గేములో తల అంటే చుక్కలను గీతలతో కలిపి అల్లిన ఒక వల. ముక్కు పొడవు అనే స్లైడర్‌ను జరిపితే ఆ ప్రాంతంలోని చుక్కలు కొన్ని ముందే రాసిపెట్టిన దిశలో కదులుతాయి. అంతే. వల మీద చర్మం బొమ్మను పరుస్తారు. స్మాక్‌డౌన్ సిరీస్‌కు వారసులైన డబ్ల్యూడబ్ల్యూఈ 2కే గేముల్లో సొంత ఫోటోను ఎక్కించి ఆ చర్మం స్థానంలో వేసుకోవచ్చు. ఇక్కడే చాలా పాత్రలు చెడిపోతాయి. ఫోటోలో ఉన్న నీడ కూడా చర్మంలో భాగమైపోతుంది. తిరుపతి మిట్ట మధ్యాహ్నపు ఎండలో తీసిన ఫోటో వాడితే కళ్ల కింద, ముక్కు కింద నల్లటి నీడలు పడతాయి. రింగులో దీపాలు ఏ వైపు నుంచి వెలిగినా ఆ నీడలు కదలవు. వరండాలోనో, కిటికీకి ఎదురుగానో, వెలుగు సమంగా పడే చోట, నవ్వకుండా, జుట్టు నుదుటి మీద పడకుండా తీసిన ఫోటో కావాలి. ఆ తర్వాత ఒంటి రంగును ముఖం రంగుకు సరిపెట్టాలి. లేకపోతే మెడ దగ్గర గీత గీసినట్టు రెండు రంగులు కనిపిస్తాయి. మన ఒంటి ఛాయలకు ఇది ఓపికగా చేయాల్సిన పని.

దుస్తుల దగ్గర మనవాళ్లకు ఎదురయ్యే చిక్కు వేరు. పంచె కట్టిన మల్లుడు కావాలనుకుందాం. జాబితా అంతా వెతికినా ప్యాంట్లు, నిక్కర్లు, ఒంటికి అతుక్కునే టైట్స్ తప్ప పంచె కనపడదు. అది కేవలం పట్టించుకోకపోవడం వల్ల వచ్చిన లోటు కాదు. గేములో పాత్రకు లోపల ఒక ఎముకల గూడు ఉంటుంది. దుస్తుల మీది ప్రతి చుక్కనూ ఏదో ఒక ఎముకకు, లేదా రెండు మూడు ఎముకలకు కట్టేస్తారు. కాలు లేస్తే ఆ కాలికి కట్టిన గుడ్డ లేస్తుంది. ప్యాంటుకు ఇది సులువు, ఎడమ కాలి గొట్టం ఎడమ ఎముకకు, కుడిది కుడికి. పంచె కుచ్చిళ్లు రెండు కాళ్ల మధ్య వేలాడతాయి. అవి ఏ కాలికి చెందుతాయి? ఒక కాలికి కడితే రెండో కాలు గుడ్డలోంచి బయటికి పొడుచుకొస్తుంది. రెండిటికీ పంచితే కాళ్లు దూరం జరిగినప్పుడు గుడ్డ రబ్బరులా సాగుతుంది. గుడ్డ తన బరువుతో తాను ఊగేలా విడిగా లెక్కగట్టే పద్ధతులున్నాయి. కానీ ఇద్దరు మనుషులు పెనవేసుకుని తలకిందులుగా పడే ఆటలో ఆ లెక్క మాటిమాటికీ తప్పుతుంది. పొడవాటి జుట్టు భుజంలోకి దూరిపోవడం, కోటు అంచు తొడలోంచి బయటికి రావడం మనం తరచూ చూసేది ఇందుకే.

దీనికి చేతనైన తయారీదారులు కనిపెట్టిన దారి, పంచెను గుడ్డగా కాకుండా రంగుగా చూడటం. గోచీ పోసి బిగించి కట్టిన పంచెను టైట్స్ మీద మడతలు, అంచు, నీడలతో సహా బొమ్మగా వేస్తారు. 2కే గేముల్లో బయట గీసిన బొమ్మను, వెనక భాగం పారదర్శకంగా ఉండే పద్ధతిలో ఎక్కించి, దుస్తుల మీదో ఒంటి మీదో అతికించవచ్చు. దగ్గరికి వెళ్తే అది రంగేనని తెలుస్తుంది. మ్యాచ్ దూరం నుంచి చూస్తే పంచెలాగే ఉంటుంది. శ్రీకాళహస్తి కలంకారీ చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. కలంతో గీసిన నాలుగు గీతల్లో గుడ్డ మడత తెలిసేలా చేయడం అక్కడ తరాలుగా ఉన్న విద్య. నిజానికి ఆ గీతల శైలినే టైట్స్ మీదకు తెచ్చుకోవచ్చు. మామిడిపిందె అంచు, నల్లటి బయటి గీత, పరిమితమైన రంగులు. తెర మీద చిన్నగా కనిపించే బొమ్మకు ఇంతకంటే నప్పే శైలి వెతికినా దొరకదు.

జాతర వేషాల వైపు చూస్తే కూడా ఇదే తేడా. బైరాగి, బండ, తోటి వేషాలు చాలావరకు ఒంటి రంగులు కాబట్టి గేములో తేలిక. పేరంటాళ్ల వేషంలో మగవాళ్లు చీర కడతారు. అది దాదాపు అసాధ్యం. చీరకు పంచె కష్టమే ఉంది, పైగా 2కే గేముల్లో ఆడ, మగ శరీరాలకు దుస్తుల జాబితాలు వేరువేరు. ఒక మాట చెప్పాలి. జాతరలో వేషం వేయడం మొక్కు. ఊరిని పీడించిన పాలెగాణ్ని వెతుకుతూ గంగమ్మ వేసిన వేషాలవి. దొర వేషం చూసి వాడు దాక్కున్న చోటు నుంచి బయటికొచ్చాడని, అప్పుడు అమ్మ వాణ్ని చంపిందని తిరుపతిలో పిల్లలకు కూడా తెలిసిన కథ. ఆ వేషాన్ని అలాగే తెచ్చి రింగులో కుర్చీ దెబ్బలు తినిపించడం తగదు. తీసుకోవాల్సింది ఆ పద్ధతిని. ఒక్క రంగు, ఒక్క గుర్తు, వాటిని తప్పకుండా పట్టుకుని ఉండటం.

ఇప్పుడు మల్లుడు వేసే పట్ల సంగతి. పాత్ర తయారీలో అన్నిటికంటే లోతైన భాగం ఇదే, చాలామంది అన్నిటికంటే తొందరగా దాటేసేదీ ఇదే. ఒక ఉదాహరణ తీసుకుందాం. చంద్రగిరి దగ్గర ఎ.రంగంపేటలో సంక్రాంతి రోజుల్లో పశువుల పండగ జరుగుతుంది. ఎద్దుల కొమ్ములకు దేవుళ్ల బొమ్మలో, అభిమాన నాయకుల, నటుల బొమ్మలో ఉన్న పలకలు కట్టి వీధిలోకి వదులుతారు. కుర్రాళ్లు ఇరువైపులా నిలబడి, పరుగెత్తే పశువును పట్టుకుని ఆ పలకను ఊడదీయాలని చూస్తారు. ఆ ఊరి కుర్రాడు మల్లుడైతే ఎలా కుస్తీ పడతాడు?

అతను ప్రత్యర్థిని ఎదురుగా నిలబడి గుద్దడు. పక్కకు తప్పుకుంటాడు, దాటుతున్నవాడి మెడను చంకలో ఇరికించుకుంటాడు, వాడి పరుగునే వాడుకుంటూ నేలకు వంచుతాడు. రెజ్లింగ్‌లో దీనికి సరిగ్గా సరిపోయే పట్టు ఉంది. దాని పేరు బుల్‌డాగ్. ప్రత్యర్థి తలను చంకలో బిగించి, ముందుకు పరుగెత్తి, తాను కూర్చుంటూ వాడి ముఖాన్ని నేలకు కొట్టడం. ఆ పేరు వచ్చింది అమెరికాలో పశువుల కాపరుల పోటీల నుంచి. అక్కడ గుర్రం మీంచి దూకి కోడె కొమ్ములు పట్టుకుని మెడ తిప్పి పడేయడాన్ని బుల్‌డాగింగ్ అంటారు. అంటే రంగంపేట కుర్రాడికి ఆ పట్టు అరువు తెచ్చుకున్నది కాదు, పుట్టుకతోనే అతనిది. ఇక మిగతా పట్లన్నీ దాని చుట్టూ అల్లుకోవచ్చు. పక్క నుంచి తలను చంకలో బిగించే హెడ్‌లాక్, పరుగెత్తే ప్రత్యర్థిని తప్పించుకుని తిప్పి పడేసే పట్లు, మెడ అలసిపోయేలా చేసే బిగింపులు. గాల్లోకి ఎగిరి పల్టీలు కొట్టేవి తీసేయాలి. అవి కంటికి ఎంత బాగున్నా అతనివి కావు. చివరి దెబ్బ మెడ మీద పడేటట్టయితే, మ్యాచ్ మొదటి నుంచీ అతను మెడ మీదే పనిచేయాలి. అప్పుడు చూసేవాడికి కథ తెలుస్తుంది.

ఇలా తీసేయడమే కష్టం. డబ్ల్యూడబ్ల్యూఈ గేములో పట్ల జాబితా చాలా పొడవు. ప్రతి స్థితికీ ఒక గడి ఉంటుంది. ప్రత్యర్థి నిలబడి ఉన్నప్పుడు, వెనక్కి తిరిగి ఉన్నప్పుడు, మూలన ఆనుకున్నప్పుడు, నేల మీద బోర్లా పడ్డప్పుడు. అన్ని గడుల్లోనూ తనకు నచ్చినవి నింపేస్తే ఆ పాత్ర అందరిలానూ ఉంటుంది. పైగా కొత్త కదలికను మనం సృష్టించలేం, ఇచ్చినవాటిలోంచి ఎంచుకోవడమే. గోదాలో దిగిన వస్తాదు తొడ చరిచినట్టు, మీసం దువ్వినట్టు సైగ కావాలంటే ఆ జాబితా ఓపికగా చూసి దానికి దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకోవాలి. 2009 పేరుతో వచ్చిన స్మాక్‌డౌన్ వర్సెస్ రా గేములో చివరి పట్టును ముక్కలు ముక్కలుగా కూర్చుకునే వీలిచ్చారు. ఎత్తే తీరు ఒకటి, తిప్పే తీరు ఒకటి, పడేసే తీరు ఒకటి. ఆ వీలు ఇప్పటి గేముల్లో లేకపోవడం పెద్ద లోటు.

పాత్ర తయారుచేసినవాడి చేతిలో ఉన్నప్పుడు ఎలా ఆడాలో వాడికి తెలుసు. కంప్యూటర్ చేతిలోకి వెళ్లాక ఆ పాత్ర అలాగే ఉంటుందా? దీనికి అన్నిటికంటే మంచి జవాబు ఇచ్చింది ఫైర్ ప్రో. 2017లో కంప్యూటర్‌కు వచ్చిన ఫైర్ ప్రో రెజ్లింగ్ వరల్డ్‌లో బొమ్మలు పాతకాలపు పద్ధతిలో చిన్నగా, చదునుగా ఉంటాయి. ముఖాన్ని స్లైడర్లతో మలిచే అవకాశమే లేదు, ఇచ్చిన తలల్లోంచి ఎంచుకోవాలి. కానీ లోపల లాజిక్ అనే విభాగం ఉంది. ప్రత్యర్థి కొద్దిగా దెబ్బతిన్నప్పుడు, మధ్యస్థంగా దెబ్బతిన్నప్పుడు, బాగా దెబ్బతిన్నప్పుడు ఏ పట్టు ఎంత శాతం వేయాలో విడివిడిగా రాయాలి. మన రంగంపేట కుర్రాడికి మొదట్లో హెడ్‌లాక్ ఎక్కువ శాతం, బుల్‌డాగ్ సున్నా. చివర్లో బుల్‌డాగ్ ఎక్కువ. అంత రాశాక తయారుచేసినవాడు చెయ్యి తీసేసి, రెండు పాత్రలనూ కంప్యూటర్‌కే వదిలి మ్యాచ్ చూస్తాడు. ఫైర్ ప్రో అభిమానుల్లో చాలామందికి ఆడటం కంటే ఇలా చూడటమే ఇష్టం. వీధి నాటకంలో ఒకరికి పద్యం నేర్పి రాత్రికి ఆట చూసే గురువు ఆనందం లాంటిదది. 2కే గేముల్లోనూ టెండెన్సీస్ పేరుతో ఇలాంటి అమరిక ఉంది, కానీ అంత సూక్ష్మంగా ఉండదు.

బలాబలాల అంకెల గురించి మన తరం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్ అంకెలున్న ట్రంప్ కార్డులు స్కూలు బ్యాగుల్లో పెట్టుకుని తిరిగిన పిల్లలు వాళ్లు. ఏ కార్డూ అన్నిట్లోనూ గెలవదు కాబట్టే ఆ ఆట ఆటగా ఉండేది. గేములో సొంత పాత్రకు మాత్రం చాలామంది అన్ని అంకెలూ పైకి లాగేస్తారు. వాడు ఎవరితోనైనా గెలుస్తాడు, రెండు రోజుల్లో విసుగు పుడుతుంది. పాత్రకు ఒక బలహీనత ఉండాలి, అది వేషంలోనే తెలియాలి. మోకాలికి పట్టీ కట్టుకుని వచ్చేవాడి కాళ్ల అంకె తక్కువగా ఉండాలి. మన జిల్లాలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం ఉత్సవాల్లో చివరికి దుర్యోధనుడి పెద్ద మట్టి బొమ్మను నేల మీద పడుకోబెడతారు. భీముడి వేషగాడు దాని తొడ మీద గద వేస్తాడు. అంత మనిషికీ దెబ్బ తగలాల్సిన చోటు ఒకటుందని చూసేవాళ్లందరికీ ముందే తెలుసు. ఆ తెలియడం వల్లే ఆ గద దెబ్బ కోసం తెల్లవార్లూ కూర్చుంటారు.

ఇక పేరు. ఇక్కడ తెలుగు పాత్రకు నిజంగా అన్యాయం జరుగుతోంది. గేములో అనౌన్సర్ పిలిచే పేర్లు ముందే రికార్డు చేసి ఉంచినవి. తెర మీద కనిపించే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఏదైనా రాసుకోవచ్చు, కానీ పిలుపు ఆ జాబితాలో ఉన్నదే కావాలి. పేరు పిలవకుండా రింగులోకి వచ్చే మల్లుడి ప్రవేశం సగం చచ్చిపోతుంది. 2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలిలో డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్లు సూపర్‌స్టార్ స్పెక్టకిల్ అనే రెజ్లింగ్ షో పెట్టారు. 2007లో మన దేశపు గ్రేట్ ఖలీ, 2017లో భారతీయ మూలాలున్న జిందర్ మహల్ డబ్ల్యూడబ్ల్యూఈ ప్రపంచ బెల్టులు గెలిచారు. ఇంతమంది చూసే దేశానికి నాలుగు డజన్ల భారతీయ పేర్లు రికార్డు చేయడం పెద్ద ఖర్చేమీ కాదు. రాముడు, భీముడు, నాయుడు, రెడ్డి, గంగ అని స్పష్టంగా పిలిస్తే చాలు. కోడి రామ్మూర్తి నాయుడు లాంటి మల్లుణ్ని, 1942లో పోయినా ఇంకా కథలుగా చెప్పుకునే వీరఘట్టం వస్తాదును, ఎవరైనా శ్రద్ధగా తయారుచేస్తే మైకులో ఆయన పేరు వినపడాలి కదా.

ఖరీదైన కన్సోల్ లేనివాళ్లకు ఫోనులో మ్యాట్ డికీ అనే బ్రిటిష్ డెవలపర్ చేసిన రెజ్లింగ్ రెవల్యూషన్, రెజ్లింగ్ ఎంపైర్ ఉన్నాయి. బొమ్మలు మోటుగా ఉంటాయి, కదలికలు కుదుపుగా ఉంటాయి. అయినా ఇందాక చెప్పుకున్న సూత్రం ఇక్కడ ఇంకా బాగా తెలుస్తుంది. ముఖంలో సూక్ష్మాలు చూపడానికి చోటే లేదు కాబట్టి, రంగులూ నడకా సరిగ్గా ఎంచుకున్న పాత్రే నిలబడుతుంది.

ఇంత కష్టపడి చేసిన పాత్ర ఎంతకాలం ఉంటుందనేది చివరి సమస్య, బాధపెట్టే సమస్య కూడా. 2014లో కొత్త కన్సోళ్లకు వచ్చిన డబ్ల్యూడబ్ల్యూఈ 2కే15లో అంతకు ముందు ఉన్న తయారీ విభాగాలు చాలా తీసేశారు. ఆడ మల్లులను తయారుచేసే వీలు కూడా పోయింది, అది తిరిగి రావడానికి 2కే17 దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పటి గేముల్లో పాత్రలను కమ్యూనిటీ క్రియేషన్స్ అనే సర్వర్ ద్వారా పంచుకుంటారు. 2022లో వచ్చిన 2కే22 నుంచి ఒక కన్సోల్‌లో చేసింది ఇంకో కన్సోల్ వాళ్లూ దింపుకోవచ్చు. అది గొప్ప సౌకర్యమే. కానీ కొత్త గేములు వస్తున్న కొద్దీ పాతవాటి సర్వర్లు మూసేస్తారు. ముందే దింపుకున్న పాత్రలు మెషీన్‌లో ఉంటాయి, మిగతావి ఇక దొరకవు. ఒక ఏడాది గేములో చేసిన పాత్ర తర్వాతి ఏడాది గేములోకి దానంతటది రాదు. మళ్లీ మొదటి నుంచి చేయాలి.

నో మెర్సీ రోజుల్లో సర్వర్లు లేవు. అప్పటి తయారీదారులు తమ పాత్రను ఫార్ములాగా రాసేవారు. తల ఫలానా నంబరు, జుట్టు ఫలానా నంబరు, టైట్స్ ఫలానా, రంగు అంకెలు ఇవి, నిలబడే తీరు ఇది, చివరి పట్టు ఇది. పేజీ, రెండు పేజీల అక్షరాలు. ఆ ఫార్ములా ఎవరి దగ్గరుంటే వాళ్లు ఇవాళ కూడా ఆ పాత కార్ట్‌రిడ్జ్‌లో అరగంటలో అదే మల్లుణ్ని మళ్లీ నిలబెట్టగలరు. ఇప్పటి గేముల్లో స్లైడర్లు ఎక్కువ కాబట్టి పేజీలు ఎక్కువవుతాయి, అంతే తేడా. ప్రతి స్క్రీనునూ ఫోనుతో ఫోటో తీసుకుని, ఎక్కించిన బొమ్మల అసలు ఫైళ్లను విడిగా దాచుకుని, పట్ల జాబితాను ఒక నోట్‌బుక్‌లో రాసుకోవడానికి ఒక సాయంత్రం పడుతుంది. రంగంపేట కుర్రాడి నోట్‌బుక్‌లో మొదటి పంక్తి ఇలా ఉండవచ్చు: ఎడమ చంకలో హెడ్‌లాక్, కుడి చెయ్యి ఖాళీగా ఉండాలి, పలక ఊడదీయడానికి.